సుగ్గి ఫొటో కింద రాయాల్సిన నాలుగు మాటలు

సంపాదకులు గారికి,

నమస్కారం. దీపావళి దాటిందంటే మన జిల్లా పేజీల్లో ఏటా ఒకే ఫొటో వస్తుంది. కోసిగి దగ్గరో పెద్దకడబూరు దగ్గరో ఆగిన వ్యాను, దాని మీద బియ్యం మూటలు, సత్తు గిన్నెలు, ప్లాస్టిక్ బిందెలు, ఆ మూటల నడుమ నలుగురైదుగురు పిల్లలు. పైన 'సుగ్గి బాట పట్టిన పల్లెలు' అని శీర్షిక. సుగ్గి అంటే కూలిపనికి పరాయి ఊళ్లకు కొన్ని నెలలు వలస పోవడం. ఫొటో తీసినవారిని తప్పు పట్టడం లేదు. అయితే ఆ పిల్లల గురించి చట్టం ఏం చెబుతోందో కింద ఒక్క ముక్క కూడా ఉండదు. చదివినవాళ్లు అయ్యో అనుకుని పేజీ తిప్పేస్తారు. ఆ వ్యానులో ఉన్న తల్లికి మాత్రం, ఉగాదికి తిరిగొచ్చాక బడిలో 'నీ కొడుకు పేరు కొట్టేశాం' అంటే ఏం జవాబు చెప్పాలో తెలియదు. ఆ జవాబు కోసమే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, మన్నించాలి.

మొదటి మాట ఇదే: పేరు కొట్టేసే అధికారం బడికి లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న బాలల ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టంలో 16వ సెక్షన్ ప్రకారం, ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి తీసేయకూడదు. 2019లో ఈ సెక్షన్‌ను మార్చారు. ఐదో తరగతికీ ఎనిమిదో తరగతికీ ఏడాది చివర పరీక్ష పెట్టాలనీ, తప్పినవారికి రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష పెట్టాలనీ, అప్పుడూ తప్పితే అదే తరగతిలో ఉంచాలో వద్దో ప్రభుత్వాలు నిర్ణయించుకోవచ్చనీ చేర్చారు. 'ఇప్పుడు చట్టం మారిపోయింది కదా' అని కొందరు చెప్పేది ఈ సవరణ గురించే. మారింది తరగతి సంగతి మాత్రమే. బడి నుంచి తీసేయకూడదన్న మాట అలాగే ఉంది. మూడు నెలలు రాలేదనో, నాలుగు నెలలు రాలేదనో చట్టం ఎక్కడా మినహాయింపు ఇవ్వలేదు.

మరి బడుల్లో ఈ మాట ఎందుకు వస్తుంది? పెద్దసార్ల మీద కోపంతో రాయడం లేదు కాబట్టి వాళ్ల ఇరకాటం కూడా చెప్పాలి. హాజరు ఏ రోజుకారోజు ఫోనులో ఎక్కించాలి. నలభై మంది ఉన్న బడిలో పదిహేను మంది సుగ్గికి పోతే హాజరు శాతం పడిపోతుంది, పైనుంచి 'ఎందుకు తగ్గింది' అని అడుగుతారు. బడిలో పిల్లల సంఖ్య తగ్గించి చూపితే టీచరు పోస్టు కదిలిపోతుందన్న భయం ఇంకో పక్క. ఈ రెంటి మధ్య కొన్ని బడుల్లో పేరు కొట్టేస్తారు, మరికొన్నింటిలో పేరు ఉంచి పిల్లవాణ్ణి మర్చిపోతారు. నన్నడిగితే రెండోది ఎక్కువ ప్రమాదం. పేరు కొట్టేస్తే బడిబయటి పిల్లల లెక్కలోనైనా వస్తాడు. కాగితం మీద బడిలో ఉండి, ఒంటితో మిరప చేలో ఉన్నవాడు ఎవరి లెక్కలోనూ ఉండడు.

సుగ్గికి పోయే ఇంటికి పిల్లల విషయంలో రెండు దారులుంటాయి. ఊళ్లో వదిలిపోవడం, వెంట తీసుకుపోవడం. రెంటికీ చట్టంలో ఆసరా ఉంది గానీ అడగాల్సిన చోటు వేరు, అడగాల్సిన వేళ వేరు.

ఊళ్లో వదిలిపోయేవారికి ఉన్నది సీజనల్ హాస్టల్. వలస కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద బడి ఆవరణలోనే నడిపేది. పగలు చదువు, రాత్రి పడక, మూడు పూటలా తిండి. వలస కుటుంబాల పిల్లలకు ప్రవేశం దొరికేలా చూడటం స్థానిక సంస్థ బాధ్యత అని విద్యా హక్కు చట్టం 9వ సెక్షన్ పేరుపెట్టి చెప్పింది కాబట్టి ఇది ఎవరో దయతలచి పెట్టే సత్రం కాదు. చిక్కంతా తేదీల్లోనే. పత్తి తీయడానికి జనం అక్టోబరు, నవంబరుల్లోనే కదులుతారు. మిరప కోతకు గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపు పోయేవాళ్లు సంక్రాంతి ముందూ వెనకా బయల్దేరతారు. ఏ ఊళ్లో ఎందరు పిల్లలు మిగులుతారో జాబితా పైకి పోతేగాని హాస్టల్ మంజూరు కాదు. జాబితా దసరా తర్వాత మొదలుపెడితే, మంజూరై వంటమనిషి కుదిరేసరికి పిల్లలు గుంటూరులో ఉంటారు. అప్పుడు 'హాస్టల్ తెరిచాం, పిల్లలే రాలేదు' అని రాసుకుంటారు. కాబట్టి జాబితా సెప్టెంబరులోనే కావాలి. దాన్ని బడిలోని పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానంగా రాసి, ఒక ప్రతి మండల విద్యాధికారి (ఎంఈఓ)కి, ఒక ప్రతి గ్రామ సచివాలయంలోని సంక్షేమ, విద్యా సహాయకుడికి ఇస్తే 'మాకు తెలియదు' అనే వీలుండదు.

ఈ హాస్టళ్లలో ఆడపిల్లల సంగతి వేరు. చిన్నపిల్లల్ని అవ్వాతాతల దగ్గర వదిలినా, పదేళ్లు దాటిన ఆడపిల్లను మాత్రం వెంట తీసుకుపోతారు. ఒకటి, భయం. రెండు, చంటిబిడ్డను ఎత్తుకోవడానికి ఆమె కావాలి. చేలో తల్లి కాయ కోస్తుంటే గట్టున చెట్టు కింద తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది ఆరో తరగతి పిల్లే. హాస్టల్లో ఆడపిల్లలకు వేరే గది, రాత్రి ఆడమనిషి కాపలా ఉందో లేదో ముందే చూసి కమిటీలో రాయించాలి. ఆరో తరగతి నుంచి అయితే కస్తూర్బా విద్యాలయాలున్నాయి. మధ్యలో బడి మానేసిన ఆడపిల్లల కోసమే మొదలైన బడులవి. ఖాళీ ఉందేమో ఎంఈఓ కార్యాలయంలో కాగితం మీద అడగాలి.

ఇక వెంట తీసుకుపోయేవారి సంగతి. ఇక్కడే చట్టం మనవాళ్లు అనుకునేదానికన్నా బలంగా ఉంది. 5వ సెక్షన్ ప్రకారం, రాష్ట్రంలోపల గానీ బయట గానీ, ఏ కారణం చేతనైనా బడి మారాల్సి వస్తే పిల్లకు ఇంకో ప్రభుత్వ బడికో ఎయిడెడ్ బడికో మారే హక్కుంది. పాత బడి హెడ్‌మాస్టరు వెంటనే టీసీ (బదిలీ పత్రం) ఇవ్వాలి. 'వెంటనే' అన్నది చట్టంలో ఉన్న మాటే. ఆలస్యం చేస్తే సర్వీసు నిబంధనల ప్రకారం ఆయన మీద క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చని కూడా అక్కడే ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, టీసీ రాలేదన్న కారణంతో కొత్త బడి చేర్చుకోవడం ఆలస్యం చేయకూడదు, కాదనకూడదు. పల్నాడులో ఒక పల్లెబడికో, బెంగళూరులో కట్టడం పక్కనున్న బడికో చేతిలో ఏ కాగితమూ లేకుండా పిల్లవాణ్ణి తీసుకుపోయినా కూర్చోబెట్టాలి. ఏడాది మధ్యలో వచ్చారంటే 15వ సెక్షన్, వయసు రుజువు లేదంటే 14వ సెక్షన్ చూపాలి. రెండూ ప్రవేశం కాదనకూడదనే చెబుతాయి. ఏ తరగతిలో అంటే, 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగిన తరగతిలో. తొమ్మిదేళ్లవాడిని ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టి సిగ్గుపడేలా చేయకూడదు. వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అది కనీసం మూడు నెలలు, అవసరమైతే రెండేళ్ల దాకా. ఇలా ఆలస్యంగా చేరినవారికి పద్నాలుగేళ్లు నిండినా ఎనిమిదో తరగతి అయ్యేదాకా ఉచిత చదువు ఆగదు.

ఒక చిన్న తేడా గుర్తుంచుకోవాలి. మన దగ్గర ప్రాథమిక బడి ఇచ్చే కాగితాన్ని రికార్డు షీటు అంటారు, హైస్కూలు ఇచ్చేదాన్ని టీసీ అంటారు. నాలుగో తరగతి పిల్లకు 'టీసీ ఇవ్వండి' అంటే 'మా దగ్గర టీసీలుండవమ్మా' అని పంపేసే సందర్భాలుంటాయి. మాట నిజమే, పని కాలేదు. రికార్డు షీటు అని అడగాలి.

భాష సంగతి మాత్రం చట్టం పూర్తిగా తీర్చలేదు. హొళగుంద, హాలహర్వి, కౌతాళం వైపు కన్నడ మీడియంలో చదివే పిల్లలున్నారు. అనంతపురం జిల్లాలో రాయదుర్గం చుట్టూ కూడా ఉన్నారు. ఆ పిల్లవాడు గుంటూరు వైపు పోతే తెలుగు బడిలో, తెలుగు పిల్లవాడు బెంగళూరు పోతే కన్నడ బడిలో కూర్చోవాల్సి వస్తుంది. మాతృభాషలో బోధన 'వీలైనంత మేరకు' అని 29వ సెక్షన్ అంటుంది, ఆ 'వీలైనంత' దగ్గరే హక్కు జారిపోతుంది. ఇలాంటి పిల్లలకు ఊళ్లో హాస్టలే మేలని నా ఉద్దేశం. చేను చేనుకూ మారుతూ పదిహేను రోజులకొక గుడిసె వేసుకునే కుటుంబాలకూ అంతే. ఒకే చోట నాలుగు నెలలుండే ఇటుకబట్టీ, కట్టడం కూలీలకైతే బడి మార్పించుకోవడం పనికొస్తుంది.

ఇప్పుడు కొత్తగా వచ్చిన అడ్డంకి కంప్యూటరు. దేశమంతటి బడుల వివరాలుండే యూడైస్ ప్లస్‌లో ప్రతి పిల్లకూ పెన్ అని 11 అంకెల శాశ్వత నంబరు ఉంటుంది. పిల్ల బడి మారితే పాత బడి 'వెళ్లిపోయింది' అని నమోదు చేయాలి. అప్పుడు ఆ పేరు డ్రాప్ బాక్స్ అనే చోటికి చేరుతుంది. కొత్త బడి పెన్ నంబరు, పుట్టిన తేదీ కొట్టి అక్కణ్ణించి తన ఖాతాలోకి లాక్కుంటుంది. పాత బడి ఆ మీట నొక్కనంత కాలం కొత్త బడికి పిల్ల దొరకదు. 'ఆన్‌లైన్లో ఎక్కడం లేదు, తర్వాత రండి' అంటారు. తల్లి ఇటు కోసిగికి ఫోను చేయలేక, అటు ఆ ఊళ్లో ఎవరినీ ఎరగక వెనక్కి తిరుగుతుంది. పిల్లను తరగతిలో కూర్చోబెట్టి, అడ్మిషన్ రిజిస్టరులో రాసి, ఆ తర్వాత కంప్యూటరు పని చూసుకోవాలన్నదే చట్టం వరస. టీసీ లేకపోయినా కాదనకూడదన్నప్పుడు డ్రాప్ బాక్స్‌లో లేదని ఎలా కాదంటారు? ఊరు వదిలే ముందు పెన్ నంబరు, యూడైస్‌లో ఉన్నట్టే అక్షరం తప్పకుండా పేరు, పుట్టిన తేదీ, పాత బడి ఫోను నంబరు పిల్ల నోటుబుక్కు అట్ట లోపల రాసి పెట్టుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. ఫోటో తీసి ఫోనులో దాచుకోవడం మంచిదే గానీ సుగ్గిలో ఫోను చార్జింగు ఎంతసేపు ఉంటుందో అందరికీ తెలిసిందే.

డ్రాప్ బాక్స్ గొడవ ప్రైవేటు బడి నుంచి ప్రభుత్వ బడికి వచ్చేవారికి ఇంకా ఎక్కువ. ఫీజు బాకీ ఉందని టీసీ ఆపుతారు, యూడైస్‌లోనూ వదలరు. ఫీజు తల్లిదండ్రులకూ యాజమాన్యానికీ మధ్య డబ్బు లెక్క. దానికి పిల్ల కాగితం తాకట్టు కాదు. ఎనిమిదో తరగతి లోపు పిల్లల విషయంలో 5వ సెక్షన్ ఆ హెడ్‌మాస్టరునూ కట్టేస్తుంది. తొమ్మిది, పది తరగతులు ఈ చట్టం పరిధిలోకి రావు, అక్కడ జిల్లా విద్యాధికారి (డీఈఓ)కి వేరే అర్జీ పెట్టుకోవాలి. ఈ తేడా తెలియక పదో తరగతి పిల్లవాడి టీసీకి విద్యా హక్కు చట్టం చూపించి, కాదనిపించుకుని, చట్టమే ఉత్తదనుకునేవాళ్లున్నారు.

పుట్టిన తేదీ గురించి ఇంకొంచెం చెప్పాలి. జనన ధ్రువపత్రం లేకపోతే ఆసుపత్రి లేదా ఏఎన్ఎం రిజిస్టరు, అంగన్‌వాడీ రికార్డు, అవీ లేకపోతే తల్లిదండ్రులు రాసిచ్చిన ప్రకటన చాలు. ఆధార్ లేదని కాదనడం కుదరదు. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ తీర్పులోనే బడి ప్రవేశానికి ఆధార్ తప్పనిసరి కాదని చెప్పేసింది. కానీ జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడి ప్రవేశంలో పుట్టిన తేదీకీ ఊరికీ రుజువు జనన ధ్రువపత్రమే. ఆ బిడ్డలు ఇప్పుడు అంగన్‌వాడీల్లో, ఉయ్యాలల్లో ఉన్నారు. ఒకటో తరగతికి వచ్చేసరికి ఇదొక కొత్త గొడవవుతుంది. సుగ్గి కుటుంబాలకు ఇక్కడొక మెలిక ఉంది. జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయించాలి. గుంటూరు వైపు ఆసుపత్రిలో కాన్పైతే పత్రం అక్కడి నుంచే రావాలి, ఆలూరు సచివాలయం ఇవ్వలేదు. 21 రోజుల్లోపు చెబితే రుసుము లేదు. ఏడాది దాటితే మెజిస్ట్రేటు అధికారమున్న అధికారి ఉత్తర్వు కావాలి. సుగ్గి నుంచి బయల్దేరే ముందే ఆ పత్రం చేతికి తీసుకోవాలి, తర్వాత ఒక్క కాగితం కోసం మళ్లీ అంత దూరం ఎవరు పోతారు?

పత్రం లేని పిల్లలకు బడిలో నోటికొచ్చిన తేదీ రాయడం పాత అలవాటు. అడ్మిషన్ రిజిస్టర్లలో జూన్ నెలలో పుట్టిన పిల్లలు అంతమంది ఎందుకుంటారో ఏ టీచరునడిగినా చెబుతారు. ఆ తేదీ పదో తరగతి మెమో మీదికి ఎక్కాక మార్చుకోవడం నరకం. చేర్చే రోజునే ఏ తేదీ రాశారో చదివించుకుని వినాలి. అక్షరం రానివారైతే చదువొచ్చిన పొరుగు పిల్లనైనా వెంట తీసుకుపోవాలి.

తిరిగొచ్చాక బడిలో భయపెట్టే మాటలు రెండు. ఒకటి, 'పిల్లల్ని పనిలో పెట్టారు, మీ మీద కేసు పెడతారు' అని. విద్యా హక్కు చట్టం 10వ సెక్షన్ పిల్లను బడికి పంపడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది గానీ దానికి శిక్ష పెట్టలేదు. బాల కార్మిక చట్టం 2016లో మారాక పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. సొంత కుటుంబానికి, అదీ బడి వేళ కానప్పుడు, సెలవుల్లో చేసే సాయానికి మినహాయింపు ఉంది. పరాయి చేలో, కూలీలను కుదిర్చే మేస్త్రీ కింద కిలో లెక్కన కోసేది కుటుంబ సాయం కాదు. అయితే శిక్ష ప్రధానంగా పనిలో పెట్టుకున్నవాడికి: ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. తల్లిదండ్రులకు మొదటిసారి శిక్ష లేదు. ఈ ముక్క మేస్త్రీలకు బాగా తెలుసు, తల్లిదండ్రులకే తెలియదు. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు పిల్లల్నీ లెక్కలో కలిపే మేస్త్రీ గురించి పిల్లల సహాయ ఫోను నంబరు 1098కు చెప్పొచ్చు.

రెండోది, 'నీ పిల్ల హాజరు లేదు కాబట్టి పథకం రాదు' అని. ఇది ఒట్టి బెదిరింపు కాదు, ఇందులో నిజముంది. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం డబ్బిచ్చే తల్లికి వందనం పథకం కింద 2025లో తల్లి ఖాతాలో 13,000 రూపాయలు వేశారు. పిల్లకు 15,000 అని చెప్పి, 2,000 బడి, దాని శుభ్రత నిర్వహణకు పట్టుకున్నారు. పథకానికి 75 శాతం హాజరు నిబంధన ఉంది. నాలుగు నెలలు మిరప చేలో ఉన్న పిల్లకు ఆ శాతం ఎక్కడినుంచి వస్తుంది? అంటే డబ్బు లేక ఊరు వదిలినవారికే ఆ డబ్బు అందదు. రాష్ట్రంలోపలే వెళ్లిన ఊరి బడిలో చేరి ఉంటే అక్కడి హాజరు లెక్కకొస్తుంది, సీజనల్ హాస్టల్లో ఉంటే ఇక్కడి హాజరు నిలుస్తుంది. ఏది అడిగినా ఊరు వదిలే ముందే అడగాలని ఇంతగా చెప్పడానికి ఇదొక కారణం. ఇంకో మాట, ఆ 2,000 రూపాయలతో మా బడిలో ఏం చేశారని కమిటీ అడగొచ్చు.

కమిటీ అన్నాను కాబట్టి దాని సంగతి. ప్రభుత్వ బడిలో పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు తల్లిదండ్రులను ఎన్నుకుంటారు. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం విద్యా హక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఈ కమిటీ పని. అది కోరికల చీటీ కాదు. ఎంతమంది పిల్లలు, ఎన్ని గదులు, ఎందరు టీచర్లు కావాలో మూడేళ్లకు లెక్క గట్టాలి, ఆ లెక్క ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే తయారు కావాలి. లెక్క కట్టడానికి కొలత చట్టం వెనక షెడ్యూలులోనే ఉంది. ఒకటి నుంచి ఐదు తరగతులకు 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు. ఆరు నుంచి ఎనిమిదిలో ప్రతి 35 మందికి ఒకరు. ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరు మరుగుదొడ్లు, తాగే నీళ్లు, వంటగది, ప్రహరీ. ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 రోజులు, ఆ పైన 220 రోజులు బడి నడవాలి.

కాగితం మీద ఇంత బలం ఉన్న కమిటీ చాలా ఊళ్లలో ఎలా నడుస్తుందో మీ విలేకరులకు నేను చెప్పనక్కర్లేదు. మినిట్స్ పుస్తకం ఇంటింటికీ వస్తుంది, తెల్లపేజీ అడుగున వేలిముద్ర పడుతుంది. చైర్‌పర్సన్ తల్లి పేరు, మాట్లాడేది ఆమె భర్త. దీనికి మందు ఒకటే: రాయని పేజీ మీద సంతకం పెట్టకూడదు, రాసినదాన్ని పైకి చదవమనాలి. సుగ్గి పోయే ఊళ్లలో ఇంకో సమస్య, కమిటీలో సగం మంది కూడా సుగ్గికే పోతారు. రాష్ట్రమంతటా జరిపిన మెగా పేరెంట్స్ సమావేశాల్లో మొదటిది 2024 డిసెంబరు 7న పెట్టారు. ఆ రోజుకు మన పడమటి మండలాల్లో సగం ఇళ్లకు తాళాలు. 2025లో జులై 10న పెట్టారు, ముఖ్యమంత్రి శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువు బడికే వచ్చారు. మనకు పనికొచ్చే నెల జులై. కరువు సీమ క్యాలెండరు అమరావతి క్యాలెండరు ఒకటి కావు.

మధ్యాహ్న భోజనం సంగతి క్లుప్తంగా. ఇది పథకం మాత్రమే కాదు, 2013 ఆహార భద్రత చట్టం 5వ సెక్షన్ కింద ఎనిమిదో తరగతి దాకా హక్కు. ప్రాథమిక తరగతుల పిల్లకు 100 గ్రాములు, ఆ పైవారికి 150 గ్రాముల బియ్యం లెక్క. 2015 నిబంధనల ప్రకారం, బడి ఉన్న ఏ రోజైనా బియ్యం లేకో వంట ఏజెన్సీ రాకో భోజనం పెట్టకపోతే, ఆ రోజు బియ్యానికీ వంట ఖర్చుకూ సరిపడా ఆహార భద్రత భత్యం తర్వాతి నెల 15లోగా పిల్లకు చెల్లించాలి. వరసగా మూడు బడి రోజులు గానీ నెలలో కనీసం ఐదు రోజులు గానీ వంట ఆగితే బాధ్యులెవరో ప్రభుత్వం తేల్చాలి. ఈ భత్యం గురించి అడిగినవారిని చూడటం అరుదు. అడగాలంటే వంట ఆగిన తేదీలు రాసిపెట్టుకోవాలి. 'ఈ నెల చాలాసార్లు పెట్టలేదు' అంటే అర్జీ కాదు. '4, 5, 6 తేదీల్లో పెట్టలేదు' అంటే అర్జీ.

తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పించుకునే హక్కు 2012 సవరణతో వచ్చింది. 40 శాతం ఆ పైన వైకల్యముంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద 18 ఏళ్ల దాకా చదువు ఉచితం. ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకిచ్చే 25 శాతం సీట్ల సంగతి పత్రికల్లో బాగానే వస్తోంది, ఇక్కడ వదిలేస్తున్నాను.

చివరగా అర్జీ. హక్కులన్నీ మన దగ్గర నోటిమాట దగ్గరే ఆగిపోతున్నాయి. నోటితో అడిగినదానికి నోటితో 'చూద్దాం' అంటారు, అక్కడితో సరి. విద్యా హక్కు చట్టం 32వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా ఫిర్యాదిస్తే స్థానిక సంస్థ రెండు పక్షాల మాటా విని మూడు నెలల్లోగా తేల్చాలి. అది నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఫిర్యాదు పంచాయతీకో పురపాలక సంఘానికో రాసి, ఎంఈఓకు నకలు ఇవ్వడం మంచిది. పని ఆయన బల్ల మీదే నడుస్తుంది. రెండు ప్రతులు తీసుకుపోవాలి, రెండోదాని మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోవాలి. తీసుకోనంటే గొడవపడొద్దు. పోస్టాఫీసుకు పోయి స్పీడు పోస్టులో పంపి రసీదు ఆ నకలుకే కుట్టాలి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇవ్వొచ్చు, నంబరుతో రసీదు ఇస్తారు. ఆ నంబరు పారేసుకుంటే అర్జీ పారేసుకున్నట్టే.

ఫిర్యాదుకు ముందు రుజువు కావాలంటే సమాచార హక్కు. గ్రామ స్థాయి కార్యాలయానికి మన రాష్ట్రంలో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. పేదరికపు రేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. ఎందుకు అడుగుతున్నారో చెప్పనవసరం లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. 'పేరు ఎందుకు కొట్టేశారు' అని అడిగితే సంజాయిషీ కథ వస్తుంది, లేదా ఏమీ రాదు. ఆ చట్టం రికార్డు ఇప్పిస్తుంది గానీ జవాబుదారీ ప్రశ్నలకు వ్యాసం రాయించదు. 'నా బిడ్డ పేరున్న అడ్మిషన్ రిజిస్టరు పేజీ, నవంబరు నుంచి మార్చి దాకా ఆ తరగతి హాజరు పట్టీలో నా బిడ్డ వరస, సెప్టెంబరు కమిటీ సమావేశం మినిట్స్ నకళ్లు' అని అడగాలి.

ఊరు వదిలే ముందు బడికి ఇవ్వాల్సిన కాగితం ఇంతే, ఇందులో చట్టం తెలిసినవారు కలపాల్సింది కూడా ఏమీ లేదు:

'ప్రధానోపాధ్యాయులు గారికి. మీ బడిలో ఫలానా తరగతి చదువుతున్న నా బిడ్డ (పేరు, అడ్మిషన్ నంబరు, పెన్ నంబరు)ను వెంటబెట్టుకుని కూలిపనికి ఫలానా ఊరు వెళ్తున్నాం. వెళ్లే తేదీ ఇది, తిరిగొచ్చే నెల ఇది. విద్యా హక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం మేము అడగనిదే నా బిడ్డ పేరు తీసేయవద్దు. అక్కడి బడిలో చేర్చేందుకు 5వ సెక్షన్ ప్రకారం రికార్డు షీటు కోరితే వెంటనే ఇచ్చి, ఆన్‌లైన్లో కూడా వదలగలరు. తిరిగొచ్చాక 4వ సెక్షన్ కింద ప్రత్యేక శిక్షణ ఇప్పించగలరు. ఈ కాగితం అందినట్టు రెండో ప్రతి మీద సంతకం చేసి ఇవ్వగలరు.'

పిల్లను అవ్వ దగ్గర వదిలేవారు 'వెంటబెట్టుకుని' బదులు 'అవ్వ దగ్గర వదిలి' అనీ, 'అక్కడి బడిలో' అన్న వాక్యం బదులు 'సీజనల్ హాస్టల్ జాబితాలో చేర్చండి' అనీ రాసుకుంటే సరిపోతుంది.

మీకు నా మనవి ఒకటే. ఈ ఏడు ఆ ఫొటో వేసినప్పుడు పక్కన చిన్న పెట్టె కట్టి ఈ కాగితాన్ని అచ్చు వేయండి. వీలైతే దీపావళి తర్వాత కాకుండా సెప్టెంబరు మొదటి వారంలో, ఆదోని డివిజన్ పేజీలో.

ఇట్లు
మీ పాఠకుడు
ఆదోని, కర్నూలు జిల్లా